అంచులు చూసే హెడ్డు గారు

మొన్న మా సెంటర్లో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ ఒకటి కట్టారు. కూరగాయలకని వెళ్ళి దాని కింద నిలబడి చూశాను. మధ్యలో ఆయన బొమ్మ, యూనిఫాంలో, మెడలో గులాబీల దండతో. తల వెనక కంప్యూటర్లో చేసిన వెలుగు. కింద అంచున ఫ్లెక్సీ కట్టించినవాళ్ళ మొహాలు చిన్నచిన్న గుండ్రాల్లో వరసగా ఉన్నాయి. ఒకడు సెల్లు చెవిన పెట్టుకున్నాడు. ఒకడు నల్లకళ్ళద్దాలు పెట్టుకున్నాడు, శ్రద్ధాంజలికి కూడా.

ఆయనే గనక ఆ ఫ్లెక్సీ కింద నిలబడితే మధ్యనున్న పెద్ద బొమ్మ వంక చూసేవారు కాదు. కళ్ళు తిన్నగా అంచుకు పోయేవి. “మధ్యనున్నవాణ్ణి అందరూ చూస్తారమ్మా. మనక్కావలసినవాడు ఎప్పుడూ అంచునుంటాడు” అనేవారు. అలాంటి మనిషిని చివరికి తీసుకొచ్చి మధ్యలో కూర్చోబెట్టారు. ఏం చేస్తాం, పోయినవాళ్ళ మాట ఎవరు వింటారు.

పేరు ఆ ఫ్లెక్సీ మీద ఉంది. నేనెప్పుడూ ఆయన్ని పేరు పెట్టి పిలవలేదు, ఇక్కడా రాయను. మా ప్రత్తిపాడు స్టేషన్లో చాలాకాలం హెడ్ కానిస్టేబులుగా చేశారు. ఊరందరికీ హెడ్డు గారు. నాకూ అంతే.

పత్తికి పచ్చపురుగు పట్టి జనం చేలకు చేలు దున్నేసుకున్నారే, ఆ మరుసటి ఏడు నా మొగుడు మిరపకాయ టిక్కీలు, అంటే బస్తాలు, వేసుకుని గుంటూరు యార్డుకు వెళ్ళాడు. కాయ అమ్ముడుపోయింది. డబ్బు పక్కచేను రైతు చేత ఇంటికి పంపాడు. మనిషి మాత్రం రాలేదు. మాకు పిల్లల్లేరు. ఇంట్లో నేనూ మా అత్తా. ముందు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేదాన్ని, ఇప్పటికీ అదే పని. కంప్లయింటు ఇవ్వడానికి వెళితే రాసుకున్నది హెడ్డు గారే.

మనిషి పోతే ఏడుస్తారు. ఊరెళితే ఎదురుచూస్తారు. నేను ఏది చేయాలో నాకు తెలియలేదు. పేరంటానికి నన్ను పిలవాలో వద్దో ఊళ్ళోవాళ్ళకూ తెలియలేదు. పెళ్ళికూతురి జాకెట్టు గుడ్డ పట్టుకొచ్చినవాళ్ళు గుమ్మంలో ఆగి, “మీ ఆయన సంగతేమన్నా తెలిసిందా?” అని అడిగేవాళ్ళు. తెలియలేదంటే, “సర్లే, కొలతలకి పిల్లని తీసుకొని మళ్ళీ వస్తాం” అని గుడ్డ చంకలో పెట్టుకుని పోయేవాళ్ళు. పెళ్ళిబట్ట విధవ చేతి మీదుగా పోకూడదని వాళ్ళ భయం. నేను విధవనో కాదో వాళ్ళకు తెలియదు. ఆ మాటకొస్తే నాకూ తెలియదు. నాకు కావలసింది ఒక్క మాట. ఉన్నాడా, లేడా. ఏదో ఒకటి తెలిస్తే చాలు, దాన్నిబట్టి బతుకుతాను.

ఆ మాట తెచ్చే పని హెడ్డు గారిది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎక్కడ గుర్తుతెలియని మగశవం దొరికినా దాని ఫోటో స్టేషన్లకు వచ్చేది. ఈడూ ఎత్తూ సరిపోతే అది పట్టుకుని మా ఇంటికి వచ్చేవారు. మోపెడ్ గోడకు ఆనించి, బట్టల షాపు కవరొకటి చంకన పెట్టుకుని, నా దగ్గరకొచ్చే ఆడవాళ్ళు కూర్చునే బెంచీ మీద ఒక చివర కూర్చునేవారు. దారం కట్టిన కళ్ళద్దాలు మెడలో వేలాడుతుండేవి.

“కాయ ఎట్టా పలుకుతోందంటమ్మా యార్డులో?” అని మొదలుపెట్టేవారు. ఆయనకు ఎకరం చేను లేదు, మిరప మొక్క లేదు. అయినా ధర అడగకుండా కవరు విప్పరు. తర్వాత ఫోటో తీసి, దాని మీద అరచెయ్యి కప్పి, మెల్లగా నా వైపు జరిపేవారు. ముందు చొక్కా చూపించేవారు. తర్వాత చెయ్యి. ఆఖరున, అవసరమైతేనే, మొహం.

ఆ అవసరం ఎప్పుడూ రాలేదు. నా మొగుడికి కుడిభుజం కిందికి ఉంటుంది. చిన్నప్పుడు బండి మీంచి పడితే ఎముక వంకరగా అతుక్కుంది. అందరికీ కుట్టినట్టు కుడితే ఆ చొక్కా కాలరు కుడికి జారుతుంది, చంక కింద ఏటవాలుగా ముడత పడుతుంది. అందుకే అతని చొక్కాలు నేనే కుట్టేదాన్ని, కుడివైపు భుజం కాస్త దించి కత్తిరించేదాన్ని. ఫోటోలో చొక్కా చూడగానే నాకు తెలిసిపోయేది. తల అడ్డంగా ఊపేదాన్ని. మొదటిసారి ఫోటోను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి మరీ చూశాను. తర్వాత్తర్వాత ఎర్రకాయల్లోంచి తాలుకాయలు ఏరినట్టు చూసి పక్కన పెట్టేదాన్ని. నేనట్టా అయిపోయానని తెలుస్తూనే ఉండేది. దానికీ ఏమీ అనిపించేది కాదు.

ఒకసారి వేటపాలెం దగ్గర రైలు పట్టాల పక్కన దొరికిన మనిషిని చూడ్డానికి నన్ను చీరాల ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆ మనిషి భుజాలు రెండూ సమానంగా ఉన్నాయి. తిరిగొచ్చేముందు హెడ్డు గారు వేటపాలెం దాకా పోయి, మా అత్తకని జీడిపప్పు కొన్నారు, బద్దలు. “గుండు పప్పు గొప్పకమ్మా. రుచి రెంటికీ ఒకటే” అన్నారు. ఇంటికొచ్చి తలస్నానం చేశాను. మా అత్త ఆ బద్దలతో పాయసం కాచింది. ఇద్దరం తిన్నాం. బాగుంది.

వెళ్ళేటప్పుడు ప్రతిసారీ మెట్టు మీద ఆగి, వెనక్కి తిరిగి, “వస్తానమ్మా” అనేవారు. చెప్పులేసుకున్నాక అనేవారు, మోపెడ్ ఎక్కాక ఇంకోసారి అనేవారు. ఒకరోజు మా అత్తకు ఒళ్ళు మండింది.

“ఎందుకయ్యా వస్తా వస్తా అంటావు? నువ్వొస్తే శవం ఫోటో తప్ప ఇంకేదన్నా తెచ్చావా ఎప్పుడన్నా? రాబాకు నువ్వు!”

ఆయన నొచ్చుకోలేదు. “చావింట్లోంచి లేచేటప్పుడు వస్తానని అనకూడదు గదా పెద్దమ్మా. మీ ఇంట్లో అంటన్నానంటే మీవాడు ఉన్నట్టే. నేను అనకుండా దిగిపోయిన్నాడు ఏడువు” అన్నారు.

ఆ తర్వాత ఆయన ఎప్పుడొచ్చినా, వెళ్ళేదాకా మా అత్త వంటింటి గుమ్మంలో నిలబడి ఉండేది. ఆ మాట విన్నాక, “ఆఁ, రా నాయనా” అని లోపలికి పోయేది. ఫోటోలో ఏముందో మాత్రం అడిగేది కాదు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆయన వెతికే పద్ధతి చూస్తే ఎవరికైనా నవ్వొచ్చేది. మంగలిషాపులో పాత పేపర్లన్నీ అడిగి తెచ్చుకుని జిల్లా పేజీలు చదివేవారు. ఎవరింట్లో పెళ్ళి శుభలేఖ కనబడినా, “ఒకసారి ఇటివ్వమ్మా” అని తీసుకుని, వరుడూ వధువూ పేర్లు వదిలేసి, అడుగున ఆహ్వానించువారు దగ్గర మొదలుపెట్టి పైకి చదివేవారు. ఫ్లెక్సీలు వచ్చాక ఇక చెప్పొద్దు. పుట్టినరోజులకీ, ఓణీల ఫంక్షన్లకీ ప్రతి సెంటర్లోనూ గోడంత ఫ్లెక్సీలు. నడిరోడ్డు మీద మోపెడ్ ఆపి, కళ్ళద్దాలు పెట్టుకుని, కింది వరస మొహాలు ఒక్కొక్కటే చూసేవారు. వెనక లారీవాడు హారను కొడుతుంటే చేత్తో ఉండమనేవారు. స్టేషన్నుంచి తప్పించుకు తిరుగుతున్న బండ్ల దొంగొకడు వాళ్ళ నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీలో చేతులు జోడించి నవ్వుతూ దొరికాడట.

“మనిషి దాక్కుంటాడమ్మా. మురిపెం దాక్కోదు” అని ఆ రోజు మా ఇంట్లో కాఫీ తాగుతూ చెప్పారు. సంతోషంగా ఉన్నట్టున్నారు.

తర్వాత కంప్యూటర్లొచ్చాయి. కుర్రాళ్ళంతా ఫోటోలు పెట్టుకుని పలకరించుకునే సైటు ఒకటుండేది ఆ రోజుల్లో, ఇప్పుడది లేదు. కోర్టు డ్యూటీకని గుంటూరు వెళ్ళినప్పుడు బ్రాడీపేటలో ఒక ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని అది చూడ్డం నేర్చుకున్నారు. స్టేషన్లో అందరూ నవ్వారట. పెద్ద వయసులో సినిమా పిల్లల ఫోటోలు చూస్తున్నాడని. ఆయన పట్టించుకోలేదు. అందులో చేరాలంటే పేరుండాలి గదా. శ్రీను అని పెట్టుకున్నారు. ఫోటో బదులు గులాబీ పువ్వు.

“శ్రీనూ ఏందండీ?” అన్నాను.

“మన జిల్లాలో శ్రీను తెలియనివాడు ఎవడమ్మా? ప్రతివాడికీ ఒక శ్రీను ఉంటాడు. మేనమామ కొడుకో, కాలేజీలో పక్క బెంచీవాడో. స్నేహం చేస్తావా అని శ్రీను పేరుతో అడిగితే, ఏ శ్రీనోలే, కాదంటే బాగుండదు అని ఒప్పేసుకుంటారు.”

నిజంగానే ఒప్పేసుకున్నారు. ఏరా శ్రీనూ ఎక్కడున్నావురా, చాన్నాళ్ళయింది మావా, అని రాసేవాళ్ళట. పుట్టినరోజని ఏదో ఒక తేదీ పెడితే ఆ రోజు బోలెడన్ని శుభాకాంక్షలు వచ్చాయట. “సొంత పుట్టినరోజుకి మా ఆవిడ కూడా చెప్పదు” అని నవ్వారు.

“మరి అట్టా ఒకరి ఇంట్లో ఫోటోలు దొంగతనంగా చూడ్డం తప్పు కాదాండీ?” అని అడిగాను. మనసులో ఉన్నది అడిగేయడం నాకలవాటు. నా నోట్లో నువ్వుగింజ నానదు.

“ఫోటోలు వాళ్ళే తెచ్చి అరుగు మీద పెట్టుకున్నారమ్మా. అరుగు మీదున్నది దారినపోయే ప్రతివాడూ చూస్తాడు. అది తప్పు కాదు.” కళ్ళద్దాల దారం సవరించుకుని అన్నారు, “శ్రీను అనడం మాత్రం తప్పే. ఆ కుర్రాళ్ళకి ఒక శ్రీను మీద ఇష్టం ఉంది, దాన్ని నేను వాడుకుంటున్నా. అది నాకు తెలుసులే.”

మా ఊరి పేరుతో కుర్రాళ్ళు అందులో ఒక గుంపు పెట్టుకున్నారు. మావాళ్ళు చాలామంది రాయచూరు అవతల, క్యాంపులని పిలిచే మనవాళ్ళ ఊళ్ళల్లో భూములు కౌలుకు తీసుకుని మిరప, పత్తి వేస్తారు. వాళ్ళ పిల్లలు గుంటూరు కాలేజీల్లో చదువుకుంటూ, క్యాంపులో జరిగిన ఫంక్షన్ల ఫోటోలు ఆ గుంపులో పెట్టేవాళ్ళు. హెడ్డు గారు వాటిని చూస్తున్నారని నాకు తెలియదు. ఆ రోజుల్లో శవాల ఫోటోలు రావడం కూడా తగ్గింది. రాకపోతే బాగుండేదనీ లేదు, వస్తే బాగుండేదనీ లేదు. మిషను తొక్కుకుంటూ ఉన్నాను.

ఒక మధ్యాహ్నం వచ్చారు. కాయ ధర అడగలేదు. బెంచీ మీద కూర్చుని కవరులోంచి కాగితం తీశారు. కంప్యూటర్లోంచి తీయించిన రంగు కాగితం. ఓణీల ఫంక్షను. మధ్యలో సింహాసనం కుర్చీలో కూర్చున్న పిల్లను అరచేత్తో మూసేశారు. అంచున, పందిరి గుంజ పక్కన, సాంబారు బకెట్టు పట్టుకుని బంతిలో వడ్డిస్తున్న మనిషి ఒకడున్నాడు. అటు తిరిగి ఉన్నాడు. మొహం కనబడదు, వీపే.

“చూడమ్మా” అన్నారు.

చూశాను. కాలరు కుడికి జారి ఉంది. చంక కింద ఏటవాలుగా ముడత.

“ఈ చొక్కా కుట్టినవాడెవడో భుజం చూసుకోలేదండీ” అన్నాను.

ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కాకు తుడుచుకున్నారు. “నేను వెళ్ళొచ్చానమ్మా. సెలవు పెట్టి వెళ్ళా. కాకపోతే నీకు లేనిపోని ఆశ పెట్టినవాణ్ణవుతానని ముందు చెప్పలా.”

“ఉన్నాడా?”

“ఉన్నాడు.” కాగితం మడత పెట్టారు. “ఒకావిడ ఉంది. పిల్లలున్నారు. పేరు కూడా మార్చుకోలా. ఎందుకు పోయావయ్యా అంటే, ‘యార్డు కాడ బస్సెక్కానండీ, కదిలాక చూస్తే మనూరి బస్సు కాదు, దిగుదామనుకున్నా, దిగలా’ అన్నాడు. అంతే. సర్వీసంతా దొంగల చేత నిజాలు చెప్పించా, ఇతని చేత ఇంకో ముక్క చెప్పించలేకపోయా. ఉన్నానని ఇంట్లో చెప్పొద్దన్నాడు. నేను మాటివ్వలా.”

“నా గురించి ఏమన్నా అడిగాడా?”

ఆయన నేల వంక చూశారు. “నిజం చెప్పమంటావామ్మా?”

“వద్దులెండి” అన్నాను.

ఎన్నేళ్ళుగానో అడిగిన ఒక్క మాట దొరికింది. ఉన్నాడు. ఏడుపు రాలేదు, కోపం రాలేదు. పాదం మిషను మీద ఉంది, దాన్ని తీసి పక్కన పెట్టాలని కూడా తోచలేదు.

మా అత్త పెరట్లో మిరపకాయల తొడిమలు తీస్తోంది. మా మాటలు ఆమెకు వినబడలేదు. హెడ్డు గారి గొంతు మాత్రం విని మజ్జిగ గ్లాసు పట్టుకొచ్చింది. ఆయన లేచి, రెండు చేతులా గ్లాసు అందుకుని, తాగకుండా బెంచీ మీద పెట్టారు. ఆమె మొహం వంకా నా మొహం వంకా చూశారు. కవరు చంకన పెట్టుకుని మెట్లు దిగారు. చెప్పులు వేసుకున్నారు. వెనక్కి తిరగలేదు. మోపెడ్ మలుపు తిరిగిపోయింది.

మా అత్త ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉంది, ఆ మాట కోసం. తర్వాత అక్కడే చతికిలబడి, కారం చేతులతోనే నెత్తి కొట్టుకుంది. “పోయాడా నా కొడుకు! ఎక్కడ పోయావురా నాయనా!” అని వీధి అదిరేట్టు ఏడ్చింది.

“పోలేదత్తయ్యా. ఉన్నాడు” అన్నాను.

ఏడుపు ఆగింది. “ఉన్నాడా? మరి ఆయనెందుకు వస్తానని అనలేదు?”

ఆయన చెప్పిందంతా చెప్పాను. క్యాంపు, ఆవిడ, పిల్లలు, బస్సు. ఏదీ దాచలేదు, ఏదీ కలపలేదు. మా అత్త కొంగుతో మొహం తుడుచుకుంది. కళ్ళల్లో కారం పడి ఎర్రగా ఉన్నాయి. తుడుచుకుంటూనే అంది, “అయితే ఆయన ఆ మాట అనకుండా సరిగ్గానే వెళ్ళాడమ్మాయ్.”

లేచి పెరట్లోకి పోయి మిగిలిన కాయల తొడిమలు తీసింది. మిషను మీద సగం కుట్టిన జాకెట్టు ఉంది. చేతులు అతకాలి. అతికాను.

ఆ తర్వాత పెళ్ళిబట్టలవాళ్ళు గుమ్మంలో ఆగి అడిగితే, “ఉన్నాడు. రాయచూరు వైపు” అని చెప్పేదాన్ని. గుడ్డ లోపలికి వచ్చేది. ఉన్నవాడి పెళ్ళాన్ని కాబట్టి నా చేతికి దోషం లేదట! మంచి న్యాయం. ఆ మాట అంటుంటే హుక్కు కుడుతూ సూది గుచ్చుకున్నంత కూడా అనిపించేది కాదు. మా అత్త నా దగ్గరే ఉంది, నా దగ్గరే పోయింది. కొడుక్కి కబురు చేయమని ఆఖరి రోజుల్లో కూడా అనలేదు.

హెడ్డు గారు మళ్ళీ మా ఇంటికి రాలేదు. రిటైరై సొంతూరు పొన్నూరు వెళ్ళిపోయారని ఎవరో చెప్పారు. వస్తానని అనలేదు కాబట్టి రాలేదు. ఆయన పద్ధతి అది.

ఫ్లెక్సీ చూసిన మర్నాడు పొన్నూరు వెళ్ళాను. వాకిట్లో షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు. లోపల ఆయన భార్య చాప మీద కూర్చుని ఉంది. చుట్టూ ఆడవాళ్ళు. నేను ఫలానా అని చెప్పేలోగా, “ఏ ఊరమ్మా?” అంది.

“ప్రత్తిపాడండీ. మిషను కుడతాను.”

నన్ను కాసేపు చూసింది. “చొక్కా భుజం అమ్మాయివా?” అంది. తలూపాను. చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. గోడ మీద ఆయన ఫోటో, మెడలో కళ్ళద్దాల దారం కనబడుతోంది. బస్సు వేళయిందని లేచాను. గడప దగ్గరికి వెళ్ళి వెనక్కి తిరిగాను.

“వస్తానండీ” అన్నాను.

మూలనున్న ముసలావిడ లెంపలేసుకుంది. “అయ్యో అయ్యో, ఏం మనిషివమ్మా! చావింట్లో ఆ మాట అంటారా ఎవరన్నా?”

హెడ్డు గారి భార్య తలెత్తింది. “అననీ పిన్నీ” అంది. “ఆయన ఒకసారి ఈ అమ్మాయి గుమ్మంలో అనకుండా దిగి వచ్చేశారు. ‘మనిషి బతికే ఉన్నాడే, చావింట్లోంచి వచ్చినట్టు వచ్చా’ అని ఆ పూట అన్నం ముట్టలేదు.”

అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. అన్నేళ్ళుగా రానిది, పరాయి ఇంట్లో, అందరి ముందూ. గడప దాటలేకపోయాను. వస్తానన్నాను గదా, వెనక్కి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాను.